నిర్ణయం ఎవరిది? ఇంటర్ చదివే అంధ విద్యార్థినితో ఒక విద్యా సంవత్సరం: కేస్ స్టడీ

విద్యార్థినికి పని మొదలుపెట్టేనాటికి 17 ఏళ్లు. పుట్టుకతో వచ్చిన రెటీనా లోపం, లెబర్ కంజెనిటల్ అమరోసిస్. వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది, అంతకుమించి చూపు లేదు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం నూరు శాతం. పదో తరగతి దాకా అంధుల ఆశ్రమ పాఠశాలలో చదివి, తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని మామూలు జూనియర్ కాలేజీలో హెచ్ఈసీ గ్రూపులో చేరింది. ఉండేది హాస్టల్లో. తెలుగు బ్రెయిలీ బాగా చదువుతుంది, ఫోన్‌లో తెర మీది మాటలు పైకి చదివే టాక్‌బ్యాక్ వాడుతుంది, మార్కులకు లోటు లేదు. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి రాస్తున్నాం.

దృష్టి లోపమున్న విద్యార్థులతో పనిచేసే మా దగ్గరికి ఆమెను పంపుతూ కాలేజీ లెక్చరర్ రాసిన ఫిర్యాదు ఒక్కటే: ఏది అడిగినా "మీ ఇష్టం మేడమ్" అంటుంది. డిగ్రీలో ఏ కోర్సు, ఏ ఊరు, పరీక్షకు స్క్రైబ్ (చెప్పిన జవాబు రాసిపెట్టేవాళ్లు) ఎవరు, అన్నింటికీ అదే జవాబు. ఇలాంటి పిల్లలకు ఇంట్లో, బళ్లో "మంచి పిల్ల" అనే పేరు వస్తుంది కాబట్టి పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఇది సమస్యగా ఎవరికీ కనిపించదు.

మొదటి పని: నిర్ణయాల పట్టిక

ధైర్యం చెప్పడంతో మొదలుపెట్టలేదు. ఒక వారం రోజుల జీవితంలో వచ్చే 24 నిర్ణయాలను జాబితాగా రాశాం. ఏ బట్టలు, ఎప్పుడు నిద్ర లేవడం, జుట్టు కత్తిరింపు, ఫోన్ రీచార్జ్, షాపులో మాట్లాడేది ఎవరు, డాక్టరుకు లక్షణాలు చెప్పేది ఎవరు, పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, ఊరెళ్లే రోజు, స్నేహితురాలి ఇంటికి వెళ్లడం, స్క్రైబ్ ఎంపిక వంటివి. ఒక్కోదానికి మూడే జవాబులు: తనే, వేరేవాళ్లు, ఇద్దరూ కలిసి. ఈ పట్టికను ఆమె, వాళ్లమ్మ, లెక్చరర్ ముగ్గురూ విడివిడిగా నింపాలి. ఒకరి జవాబు ఇంకొకరికి వినిపించకూడదు. విలువంతా మూడు పట్టికల మధ్య తేడాలోనే ఉంటుంది.

ఉదాహరణకు బట్టల దగ్గర తల్లి "తనే" అంది. అమ్మాయి జవాబు: "అమ్మ రెండు డ్రెస్సులు చేతికిస్తుంది, నేను ఒకటి తీసుకుంటా. బీరువాలో ఇంకెన్ని ఉన్నాయో తెలీదు." మొత్తం 24లో అమ్మాయి లెక్క ప్రకారం తను తీసుకునేవి ఐదు. అవి చదువుకునే వేళ, పాటలు, ఏ స్నేహితురాలితో మాట్లాడాలి, జడ, పాఠాలు రికార్డు చేసుకునే పద్ధతి. డబ్బు, ప్రయాణం, ఆఫీసులు, శరీరం గురించినవి ఒక్కటీ లేవు.

కారణం పెంపకంలో ప్రేమ ఎక్కువ కావడం మాత్రమే కాదు. చూపున్న పిల్ల అమ్మ బేరమాడటం చూస్తుంది. నాన్న బ్యాంకు ఫారం నింపడం, అక్క నాలుగు కాలేజీల పేర్లు పక్కపక్కన పెట్టి కొట్టేయడం చూస్తుంది. ఎవరూ నేర్పకుండానే ఎంపిక ఎలా జరుగుతుందో కంటపడుతుంది. చూపులేని పిల్లకు చివరి ఫలితం మాత్రమే మాటగా చేరుతుంది: "నీకు ఫలానా కాలేజీలో సీటొచ్చింది." మధ్యలో వద్దనుకున్న మూడు దారులున్నాయన్న సంగతే తెలియదు. ఏమున్నాయో తెలియకుండా "ఏం కావాలి?" అని అడిగితే "మీ ఇష్టం" అనడం తప్ప ఏం చెబుతుంది?

దృష్టి లోపమున్న పిల్లలకు మామూలు సిలబస్‌తో పాటు ప్రత్యేకంగా నేర్పాల్సిన ఎనిమిది రంగాలను అమెరికా విద్యావేత్త ఫిల్ హాట్లెన్ 1996లో విస్తృత ప్రధాన పాఠ్యప్రణాళికగా ప్రతిపాదించారు. స్వీయ నిర్ణయ సామర్థ్యం, అంటే తన విషయాల్లో తనే ఎంచుకుని నడుచుకోగలగడం, తర్వాత తొమ్మిదోదిగా చేరింది. బ్రెయిలీకి, కేన్‌తో (తెల్లకర్రతో) నడకకు టైమ్ టేబుల్లో పీరియడ్ ఉంటుంది, టీచరూ ఉంటారు. దీనికి రెండూ ఉండవు, అందుకే వెనకబడుతుంది. మేం వారానికి 45 నిమిషాల పీరియడ్ ఒకటి రాసి పెట్టించాం.

పద్ధతి

అమెరికా పరిశోధకుడు మైకేల్ వేమెయర్, ఆయన సహచరులు రూపొందించిన స్వీయ నిర్ణయ అభ్యసన నమూనాను తీసుకున్నాం. అందులో మూడు దశలు: లక్ష్యం పెట్టుకోవడం, పని చేయడం, ఫలితాన్ని బట్టి లక్ష్యాన్నో ప్రణాళికనో సవరించుకోవడం. ఒక్కో దశలో విద్యార్థి తనను తాను వేసుకునే ప్రశ్నలు నాలుగు. మొదటి దశవి ఇలా ఉంటాయి: నేనేం నేర్చుకోవాలనుకుంటున్నాను? దాని గురించి ఇప్పుడు నాకేం తెలుసు? తెలియనిది నేర్చుకోవాలంటే ఏం మారాలి? అందుకు నేనేం చేయగలను?

ఈ పన్నెండు ప్రశ్నలూ తెలుగు బ్రెయిలీలో, కార్డుకొక ప్రశ్న చొప్పున ఆమె చేతికిచ్చాం. జవాబులు ఆమే బ్రెయిలీలోనో, ఫోన్‌లో వాయిస్ నోటుగానో పెట్టుకోవాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, చాలా బడుల్లో విద్యార్థి భవిష్యత్ ప్రణాళిక అచ్చు కాగితం మీద టీచరు బీరువాలో ఉంటుంది. తను చదవలేని కాగితం మీద ఉన్నది ఆ పిల్ల ప్రణాళిక కాదు.

మొదటి లక్ష్యంగా ఆమె చెప్పింది "నా ఫోన్ రీచార్జ్ నేనే చేయించుకోవాలి." డిగ్రీ ముంచుకొస్తుంటే రీచార్జ్ ఏమిటని ఆపబుద్ధవుతుంది. ఆపకూడదు. పెద్దవాళ్లు "ముఖ్యమైన" లక్ష్యాన్ని చేతిలో పెట్టిన క్షణమే ఆ పద్ధతి మొత్తం మళ్లీ "మీ ఇష్టం" అయిపోతుంది.

డబ్బు

రీచార్జ్ కోసం షాపుకు వెళ్లాలంటే నోట్లు గుర్తుపట్టాలి. ఇప్పటి నోట్ల పొడవులు మిల్లీమీటర్లలో: పది రూపాయలది 123, ఇరవై 129, యాభై 135, వంద 142, రెండొందలు 146, ఐదొందలు 150. యాభై నుంచి ఐదొందల దాకా వెడల్పు ఒకటే, 66. అంటే రెండొందలకూ ఐదొందలకూ తేడా 4 మిల్లీమీటర్లే. వంద మీద త్రిభుజం, ఐదొందల మీద వృత్తం ఉబ్బెత్తుగా అచ్చువేస్తారు, అంచుల్లో గీతలుంటాయి. కొత్త నోటు మీద వేలికి తగులుతాయి. సంతలో పది చేతులు మారిన నోటు మీద తగలవు. ఉబ్బెత్తు గుర్తుల్ని మాత్రమే నేర్పి వదిలేసే శిక్షణ ఇక్కడే దెబ్బతింటుంది.

అందుకని రెండంచెలుగా చేశాం. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసిన మణి యాప్ ఇంటర్నెట్ లేకుండా నోటు విలువ చెబుతుంది. గదిలో మంచి వెలుతురులో దానితో నోట్లు వేరుచేసి, మడిచి పర్సులో పెట్టుకోవాలి. షాపు ముందు ఫోన్ తీసి చూసుకుంటూ నిలబడితే వెనక జనం తొందరపెడతారు, పక్కవాళ్లు నోటు లాక్కుని తామే చూసి చెబుతారు. మడతల పద్ధతి మేం చెప్పలేదు. మూడు రకాలు చేయించి చూపించాం. ఆమె వందను మడవకుండా, రెండొందలను అడ్డంగా సగానికి, ఐదొందలను నిలువుగా మడిచే పద్ధతి ఎంచుకుంది. చిల్లర తీసుకునేటప్పుడు అనాల్సిన మాట ఒకటి: "ఏ నోటు ఎంతో చెబుతూ ఒక్కొక్కటే ఇవ్వండి అన్నా."

అసలు కష్టం పింఛను దగ్గర వచ్చింది. తెలంగాణలో వికలాంగుల ఆసరా పింఛను నెలకు 4,016 రూపాయలు. ఖాతా ఆమె పేరు మీదే, ఏటీఎం కార్డు నాన్న జేబులో. ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతోంది, ఆ ఇంటికి అది అవసరం కూడా. "నీ డబ్బు నువ్వే తీసుకో" అని పిల్లకు చెప్పి పంపితే ఆ ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు. మన ఇళ్లలో స్వీయ నిర్ణయం అంటే వేరు కాపురం పెట్టడం కాదు. ఇంటి లెక్కలో తన మాట కూడా ఉండటం. ఆమె రెండు నెలల ఖర్చు రాసుకుని, నెలకు 1,000 రూపాయలు తన చేతికి కావాలని, దేనికి ఎంతో చెప్పి అడిగింది. తండ్రి 700 అన్నాడు. 800 దగ్గర ఆగింది. ఆ బేరం ఆమే చేసింది. మొదటి నెల ఇరవయ్యో తేదీకి డబ్బయిపోయింది. తల్లి 200 పంపబోతే వద్దని చెప్పాం. పది రోజుల ఇబ్బంది ప్రమాదం కాదు, రెండో నెల బడ్జెట్‌కు అదే పాఠం. తిండికి, మందులకు లోటు వస్తే మాత్రం లెక్క వేరు. ఆ గీత ముందే గీసుకోవాలి.

పద్దెనిమిది నిండగానే బ్యాంకు. మేజర్ అయ్యాక కేవైసీ, నమూనా సంతకం కొత్తగా ఇవ్వాలి. అంధులకు చెక్కుబుక్కు, ఏటీఎం, లాకరుతో సహా అన్ని సదుపాయాలూ వివక్ష లేకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2008 జూన్ 4న సర్క్యులర్ ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ఆర్థిక వ్యవహారాలు నడుపుకోవడంలో సమాన హక్కు ఇస్తోంది. అయినా కౌంటర్ దగ్గర వినిపించే మాట "నాన్నని తీసుకురామ్మా, జాయింట్ చేద్దాం." సర్క్యులర్ ప్రతి ఫోన్‌లో ఉండాలి, తేదీ నోటికి రావాలి. సంతకమా, వేలిముద్రా అన్నది ఆమె నిర్ణయం. సంతకం అంది. అట్టముక్కలో సుమారు 7 సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తుతో కిటికీ కోసి, దాన్ని కాగితం మీద పెట్టి రోజూ పది సంతకాలు. అందం అక్కర్లేదు, ప్రతిసారీ ఒకేలా రావాలి. పొడవాటి పేరు మొత్తం రాయబోతే కుదరదు, రెండు మూడు అక్షరాల చిన్న సంతకం నిలబడుతుంది. కార్డు చేతికొచ్చాక యూపీఐ. టాక్‌బ్యాక్ అంకెలు పైకి చదివే వీలుంది కాబట్టి ఇయర్‌ఫోన్ పెట్టుకోకుండా పిన్ కొట్టకూడదన్నది ఖచ్చితమైన నియమం.

స్క్రైబ్

ఫస్టియర్‌లో స్క్రైబ్‌ను కాలేజీ చూసింది, పరీక్ష రోజు ఉదయమే పరిచయం. "ద్రవ్యోల్బణం" లాంటి మాట దగ్గర రాసే అమ్మాయి ఆగిపోయేది.

కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం, ప్యానెల్ స్క్రైబ్ అయితే రెండు రోజుల ముందే కలిసి సరిపోతారో లేదో చూసుకునే వీలు ఉన్నాయి. తర్వాత మార్పులు వస్తున్నాయి, బోర్డులకు సొంత నిబంధనలూ ఉంటాయి. కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ తెప్పించుకుని విద్యార్థే చదవాలి. మేం చదివి సారాంశం చెప్పడం సులువే, కానీ రేపు ఇన్విజిలేటర్ "అలా లేదే" అన్నప్పుడు ఏ పేజీలో ఉందో చెప్పాల్సింది ఆమె.

ఎంపికకు ఆమె ఒక పరీక్ష పెట్టింది. ఇద్దరు జూనియర్లకు సివిక్స్, ఎకనామిక్స్ పదాలున్న పది లైన్లు డిక్టేట్ చేసి, రాసింది లెక్చరర్‌తో పైకి చదివించుకుంది. అందంగా రాసే అమ్మాయిని కాదని, అర్థం కానప్పుడు ఆపి అడిగే అమ్మాయిని తీసుకుంది. మంచి ఎంపిక. ఊహించి రాసేసే స్క్రైబ్ కంటే అడిగే స్క్రైబ్ మేలు.

స్క్రైబ్‌కు చెప్పాల్సినవి పది నిమిషాల మాటగా తయారుచేసుకుంది: ప్రశ్న రెండుసార్లు చదువు, మొదటిసారి ఆగకుండా, రెండోసారి మెల్లగా. నా వాక్యం మార్చకు. "కొత్త పేరా", "గీత" అంటే అవి రాయాల్సిన మాటలు కావు, ఆదేశాలు. ప్రతి అరగంటకు టైమ్ చెప్పు. ఎకనామిక్స్‌లో రేఖాచిత్రం వస్తే ముందు అక్షాల పేర్లు, తర్వాత రేఖ ఎక్కడ మొదలై ఎటు దిగుతుందో చెబుతా, అలాగే గియ్యి.

మూడు గంటల పేపరుకు గంట కలిపి 240 నిమిషాలు. మొదటి 20 పేపరంతా విని ప్రశ్నలు ఎంచుకోవడానికి, 190 డిక్టేషన్‌కు, చివరి 30 తిరిగి చదివించుకోవడానికి. ప్రాక్టీసులో ఎక్కువగా ఎగిరిపోయేది ఈ చివరి 30 నిమిషాలే. "పాపం, తనకు చెయ్యి నొప్పి పుడుతుందేమో" అని జవాబులు కుదించేయడం ఇంకో సమస్య. మాక్ పరీక్షల్లో రెండు పేపర్లకు అలాగే జరిగింది. స్క్రైబ్‌తోనే మాట్లాడి గంటకు రెండు నిమిషాల విరామం పెట్టుకున్నాక జవాబుల నిడివి పెరిగింది.

అడగడం

తన గురించి చెప్పుకునే మాట మూడు వాక్యాలే ఉండాలి: నాకు ఏం కనిపించదు, నాకు ఏం కావాలి, మిగతాది నేను ఎలా చేసుకుంటాను. అర నిమిషంలో ముగియాలి. ఆమె మొదటి ప్రయత్నంలో జబ్బు చరిత్ర అంతా వచ్చింది, రెండోదాంట్లో బతిమాలడం వచ్చింది. నిలిచిన రూపం: "సార్, నాకు చూపు లేదు. నోటీసు బోర్డులో పెట్టే కాగితాలు నాకు వాట్సాప్‌లో టైప్ చేసిన ఫైల్‌గా కావాలి. ఫోటో అయితే ఫోన్ సరిగ్గా చదవదు, ఫైల్ ఇస్తే నేనే చదువుకుంటాను."

ఒప్పుకునే మనిషితో సాధన చేయించడం వృథా. తిరస్కారాలతోనే చేయించాలి. మన ఆఫీసుల్లో అవి మూడు రకాలు: "రూల్ లేదమ్మా", "మీవాళ్లని పంపు", "రేపు రా". మూడోదే ఎక్కువ, దానికే పిల్లలు త్వరగా లొంగుతారు, ఎందుకంటే అది వినడానికి కాదన్నట్టు ఉండదు. దానికి జవాబు: రేపు ఎన్నింటికి, ఎవరిని కలవాలి, ఈ దరఖాస్తు అందినట్టు దీని మీద సంతకం పెట్టండి. "రూల్ లేదు" అంటే ఏ రూల్ అని మర్యాదగా అడగాలి. అంధుడైన పారిశ్రామికవేత్త బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు ఇవ్వనంటే కోర్టుకు వెళ్లి సాధించుకుని, తర్వాత ఎంఐటీలో చదివిన సంగతి మన అంధ విద్యార్థులందరికీ చెబుతారు. స్ఫూర్తి కంటే అందులోని క్రమం మాకు పనికొచ్చింది: ఏం కావాలో తేల్చుకోవడం, అడ్డం ఏ నిబంధనో కనుక్కోవడం, దాన్ని మార్చగల చోట అడగడం.

బస్టాండులోనూ అడిగే తీరే ముఖ్యం. "ఇది నల్గొండ వెళ్తుందా?" అంటే ఎదుటివాళ్లు తల ఊపి వెళ్లిపోతారు. "ఇది ఎక్కడికి వెళ్తుంది?" అంటే నోరు తెరవక తప్పదు. కేన్ నడక నేర్పే శిక్షకుడు ఇచ్చిన ఈ సూచన ఒక్కటీ ఆమె ప్రయాణాన్ని చాలా తేలిక చేసింది.

డిగ్రీ ఎంపిక

ఇంట్లో కోరిక దగ్గరి మహిళా కాలేజీలో బీఏ, తర్వాత బీఈడీ. ఆమెకు హైదరాబాద్, ఎకనామిక్స్‌తో పాటు కంప్యూటర్ అప్లికేషన్స్ ఉన్న కోర్సు కావాలనిపించింది, కానీ ఎందుకో చెప్పలేకపోయింది. మూడు కాలేజీలు పరిశీలనకు తీసుకుంది. రెండింటికి స్వయంగా వెళ్లింది, ఒకదానితో ఫోన్‌లో మాట్లాడింది. అన్నిచోట్లా అవే ప్రశ్నలు: హాస్టల్ గది ఏ అంతస్తు, బస్టాపు నుంచి గేటు దాకా ఎన్ని రోడ్లు దాటాలి, పాఠ్యపుస్తకాలు ఫైళ్లుగా దొరుకుతాయా, స్క్రైబ్ సాయం ఎవరు చూస్తారు, ఇప్పుడు అంధ విద్యార్థులు ఎవరైనా చదువుతున్నారా. చివరి ప్రశ్నకు ఉన్నారంటే వాళ్లతో మాట్లాడించమని అడిగింది. ప్రిన్సిపల్ చెప్పినదానికంటే పదిరెట్లు సమాచారం అక్కడ దొరికింది.

పోల్చడానికి చూపున్నవాళ్లు కాగితం మీద గడులు గీస్తారు. దానికి బదులు ఐదు బ్రెయిలీ కార్డులు బల్ల మీద వరసగా పెట్టి (కోర్సు, భద్రత, ఖర్చు, ప్రయాణం, పుస్తకాలు) ఇరవై చింతగింజలు ఇచ్చాం. ఏది ఎంత ముఖ్యమో అన్ని గింజలు దాని మీద పెట్టాలి. కోర్సుకు 7, పుస్తకాలకు 5, భద్రతకు 4, ఖర్చుకు, ప్రయాణానికి రెండేసి పెట్టింది. తల్లిదండ్రుల చేత కూడా విడిగా పెట్టించాం. తండ్రి భద్రతకే 11 పెట్టాడు. అదే కార్డు మీద నాన్న గింజలెన్నో ఆమె చేత్తో తడిమి లెక్కపెట్టాక మాట మారిపోయింది. "హైదరాబాద్ వద్దంటున్నారు" అన్నది పోయి "నాన్నకు హాస్టల్ గురించి ఏం తెలిస్తే భయం తగ్గుతుంది" అనే ప్రశ్న వచ్చింది. వార్డెన్ నంబరు, చీకటిపడేలోగా గదికి చేరడం, ప్రయాణంలో ఉన్నంతసేపే లొకేషన్ పంపడం: ఈ మూడింటి మీద ఒప్పందం కుదిరింది. లొకేషన్ ఆన్ చేసేదీ ఆపేదీ ఆమే.

ఈ సమావేశంలో ఎజెండా ఆమె బ్రెయిలీలో చదివింది. మేం పక్కన కూర్చున్నాం. ఆమెను అడిగిన ప్రశ్నకు ఆమే జవాబివ్వాలి, మిగతావాళ్లు మనసులో పది లెక్కపెట్టాలి. తల్లికి ఇది అన్నిటికన్నా కష్టమైంది. టీచర్లు కూడా మూడు లెక్కపెట్టేలోపే జవాబు అందించేస్తారు.

డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో చేసే దోస్త్ రిజిస్ట్రేషన్‌లో ఎక్కువమంది ఇరుక్కునే చోటు ఆధార్‌కు లింకైన మొబైల్ నంబరు. ఈమెది తండ్రి నంబరుకు లింకై ఉంది, ఓటీపీ పొలంలో ఉన్న ఆయన ఫోన్‌కు వెళ్తుంది. నాలుగు నెలల ముందే ఆధార్ కేంద్రంలో సొంత నంబరుకు మార్పించుకుంది. బొమ్మగా వచ్చే క్యాప్చా చదవడానికి రూమ్మేట్ సాయం అడిగింది, ఫోన్ మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. వెబ్ ఆప్షన్ల వరస ఆమె పెట్టిందే. రెండో ఆప్షన్‌లో సీటొచ్చింది, హైదరాబాద్‌లోనే.

కొలత

ఒక్కో పనికి 0 నుంచి 3 దాకా: వేరేవాళ్లు చేస్తే 0, అడుగడుగునా చెబితే 1, ఒక్క సూచన చాలితే 2, తనంతట తాను చేస్తే 3. తనకు ఏ సాయం కావాలో తనే గుర్తించి, తనే మనిషిని ఎంచుకుని అడిగితే అదీ 3 కిందే లెక్క. క్యాప్చా అలాంటిదే. ఈ నియమం లేకపోతే సాయం అడగడమే ఓటమి అని పిల్లలు నేర్చుకుంటారు, అది ఇంకా ప్రమాదం.

ఏడాది చివర్లో అదే 24 అంశాల పట్టిక మళ్లీ ముగ్గురూ నింపారు. ఆమె లెక్కలో "తనే" 13, "కలిసి" 7. తల్లి లెక్క ఆమె లెక్కకు దగ్గరగా వచ్చింది, మొదట్లో రెండింటికీ పొంతనే లేదు. మిగిలిన నాలుగింటిలో డాక్టరుతో మాట్లాడటం ఒకటి. ఆసుపత్రిలో ఇప్పటికీ అందరూ తల్లినే అడుగుతారు, తల్లీ జవాబిచ్చేస్తుంది. రాత్రిపూట ఒంటరి ప్రయాణం లక్ష్యాన్ని ఆమే వాయిదా వేసుకుంది. కారణం వాయిస్ నోటులో స్పష్టంగా చెప్పింది: హైదరాబాద్ రోడ్లు ముందు పగలు నేర్చుకోవాలి. దాన్ని వెనకడుగుగా మేం రాయలేదు, మూడో దశ ప్రశ్నలకు సరైన జవాబుగా రాశాం.

డిగ్రీకి వెళ్లేటప్పుడు ఫైలు ఆమె చేతికే ఇచ్చాం: సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) స్కాన్లు, రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్, స్క్రైబ్ నిబంధనలు, మూడు వాక్యాల పరిచయం, పన్నెండు ప్రశ్నల కార్డులు. కొత్త కాలేజీకి మేం ముందుగా ఫోన్ చేయలేదు. నెలకోసారి మాట్లాడుకుంటాం, ఫోన్ చేసేది ఆమే. మొదటి సెమిస్టర్‌కు ఆమె పెట్టుకున్న లక్ష్యాలు రెండు: కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌లోనైనా తెరను పైకి చదివే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ వేయించడం, వచ్చేసారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు తల్లిని బయట కూర్చోమని చెప్పడం. ల్యాబ్ దరఖాస్తుకు "రేపు రా" అన్నారు. అందినట్టు సంతకం తీసుకుంది.